బ్రాన్ కోటలో తల్లీ కూతురూ

రుమేనియా అనగానే పిల్లలకు గుర్తొచ్చేది డ్రాకులా. రక్తం తాగే ఆ ప్రభువు కోట ఇదేనంటూ బ్రాన్ కోట ఫొటో చూపిస్తుంటారు. ఆ నవల 1897లో వచ్చింది. రాసిన బ్రామ్ స్టోకర్ రుమేనియాలో అడుగైనా పెట్టలేదు. మరి ఆ కోటలో నిజంగా ఉన్నదెవరు? ఇవాళ వాళ్ల సంగతి చెప్పుకుందాం.

బ్రాన్ ఒక పల్లెటూరు. చుట్టూ కార్పేతియన్ కొండలు, గొర్రెల మందలు. గొర్రెపాల చీజుని ఫర్ చెట్టు బెరడులో చుట్టి ఉంచడం అక్కడి వాళ్ల అలవాటు. ట్రాన్సిల్వేనియా నుంచి వలాకియాకి వెళ్లే కనుమదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. ఆ దారిన కోట కట్టుకోండని 1377లో హంగరీ రాజు మొదటి లూయీ బ్రషోవ్ పట్టణం వాళ్లకు అనుమతి ఇచ్చాడు. ఖర్చూ, చాకిరీ మాత్రం వాళ్లదే! పదేళ్లు దాటేసరికి కొండరాతి మీద కోట లేచింది. శత్రువొస్తే అడ్డుకోవడం, వర్తకుడొస్తే సుంకం వసూలు చెయ్యడం, అదీ దాని పని.

1918లో ట్రాన్సిల్వేనియా రుమేనియాలో కలిసింది. సరిహద్దే లేనప్పుడు కాపలా ఎందుకు? 1920లో బ్రషోవ్ పురపాలక సంఘం పాతబడిన ఆ కోటని రాణి మేరీకి కానుకగా ఇచ్చింది. ఈవిడ ఎవరనుకున్నారు? ఒకప్పుడు మన దేశానికీ చక్రవర్తిని అనిపించుకున్న విక్టోరియా రాణికి స్వయానా మనుమరాలు. మేరీ కోటని బాగు చేయించి కాపురానికి పనికొచ్చే ఇల్లుగా మార్చుకుంది. వాగు నీటితో తిరిగే టర్బైను పెట్టించి కరెంటు తెప్పించింది. ఆ దీపాలు కోటలోనే కాదు, ఊళ్లోనూ వెలిగాయి.

1938లో మేరీ పోయింది. కోట కూతురు ఇలియానాకి దక్కింది. మేరీ కోరిక ప్రకారం ఆవిడ గుండెను ఒక పెట్టెలో ఉంచి, నల్లసముద్రం ఒడ్డున బాల్చిక్‌లో భద్రపరిచారు. 1940లో ఆ ఊరు బల్గేరియా పాలవడంతో పెట్టెను బ్రాన్‌కి తెచ్చారు.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. 1944లో ఇలియానా గాయపడ్డ సైనికుల కోసం బ్రాన్‌లో ఆస్పత్రి పెట్టింది. పేరు 'రాణి హృదయం'. తనూ అందులో నర్సుగా పనిచేసింది. రక్తం తాగేవాడి చోటని లోకం చెప్పుకునే ఊళ్లో, రక్తం ఓడుతున్న కుర్రాళ్లకు రాజుగారి కూతురు కట్లు కట్టిందన్నమాట!

1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం రాజకుటుంబాన్ని దేశం దాటించింది. ఆరుగురు పిల్లల తల్లి ఇలియానా పరదేశాల పాలయింది. చివరికి సన్యాసినిగా మారి, అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక మఠం స్థాపించి, 1991లో కన్నుమూసింది. కోట 1956లో మ్యూజియం అయింది. 2006లో దాన్ని ఆవిడ వారసులకు తిరిగి ఇచ్చారు. మేరీ గుండె మాత్రం 2015లో సినాయాలోని పెలిషోర్ భవనానికి చేరింది.

ఇప్పటికీ ఏటా లక్షలమంది డ్రాకులా పేరు విని బ్రాన్‌కి వెళ్తారు. మీ పిల్లలు అడిగితే ఆ కథ చెప్పండి, సరదాగానే ఉంటుంది. కానీ అక్కడితో ఆపెయ్యకండి. ఊరికి దీపం పెట్టిన తల్లి గురించీ, క్షతగాత్రులకు కట్లు కట్టిన కూతురి గురించీ కూడా చెప్పండి. కట్టుకథ తనంతట తనే నాలుగు ఊళ్లు తిరుగుతుంది. నిజాన్ని మాత్రం మనమే చెయ్యి పట్టుకుని నడిపించాలి.