చమురు అన్వేషణలో కంప్యూటర్ నమూనాలు: పరిశోధనా భాగస్వామ్యాలు

భూమి లోపల పొరలు ఎలా ఉన్నాయో, వాటిలో చమురు, సహజవాయువు దొరికే వీలుందో లేదో కంప్యూటర్ మీద లెక్కగట్టేందుకు చమురు సంస్థలు, పరిశోధనాలయాలు, విశ్వవిద్యాలయాలు చేతులు కలిపే ఏర్పాటు ఇది. సర్వే డేటా, డబ్బు సంస్థవి. లెక్క కట్టే పద్ధతి, ప్రోగ్రాములు రాసే మనుషులు పరిశోధనాలయానివి. తెలుగు నేల మీద ఈ పనికి పెద్ద చిరునామా హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. దీన్ని 1961లో స్థాపించారు. అందరూ ఎన్‌జీఆర్ఐ అంటారు.

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం చమురు సీమ కాదు. సూర్యాపేట చుట్టూ నేల అడుగున ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ శిల. చమురు పుట్టడానికి కావలసిన సరుకు అందులో లేదు. దక్షిణాన మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి వైపు దిగితే శిల మారుతుంది. అక్కడి సిమెంట్ ఫ్యాక్టరీలను నడిపే సున్నపురాయి కడప బేసిన్ ఉత్తర కొసైన పల్నాడు భాగానిది. ఇది అవక్షేప శిలే అయినా చాలా పాతది. అంత పాత రాతిలో చమురేమిటని తీసిపారేయడానికీ లేదు. తూర్పు సైబీరియాలో, ఒమన్‌లో ఆ వయసు శిలల నుంచి చమురు తీస్తున్నారు. అందుకే ఎన్‌జీఆర్ఐ కడప బేసిన్ మట్టి నమూనాలు సేకరించి, మట్టి రేణువులకు అంటుకున్న మీథేన్, ఈథేన్, ప్రొపేన్‌లను కొలిచింది. అయితే అవి ఆనవాళ్లు మాత్రమే, నిక్షేపానికి రుజువులు కావు. అంతకుముందే 1970లలో సోవియట్ సహకారంతో ఈ సంస్థ కావలి నుంచి ఉడిపి దాకా సుమారు 600 కిలోమీటర్ల మేర లోతైన సైస్మిక్ (భూమిలోకి తరంగాలు పంపి చూసే) సర్వే చేసింది. అది కడప బేసిన్‌ను అడ్డంగా దాటిన గీత.

కంప్యూటర్ నమూనాలకు అసలు పరీక్ష దక్కన్ బసాల్ట్ (గట్టిపడిన లావా) కింద ఎదురైంది. లావా పొరలో ధ్వని తరంగం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు పోతుంది. దాని కింద దాగిన అవక్షేపాల్లో అంతకంటే నెమ్మదిస్తుంది. నెమ్మది పొర నుంచి తరంగం వంగి పైకి తిరిగి రాదు కాబట్టి మామూలు లెక్కకు అది కనిపించదు. కానీ రికార్డులో దాని జాడ ఉంటుంది: బసాల్ట్ నుంచి వచ్చే తొలి తరంగాల వరస కొంత దూరానికి సన్నగిల్లి తెగిపోయి, కాస్త ఆలస్యంగా మళ్లీ మొదలవుతుంది. ఆ ఆలస్యమే దాగిన పొర మందానికి కొలత. ఒక మందం అనుకుని, తరంగాల రాకను కంప్యూటర్‌తో లెక్కించి, రికార్డుతో పోల్చి, తేడా తగ్గేదాకా మార్చుకుంటూ పోతారు. చిక్కేమిటంటే మందం, వేగం రెండూ కలిసి మారినా అదే ఆలస్యం వస్తుంది. అందుకే ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ కోసం దక్కన్ ప్రాంతంలో చేసిన పనిలో ఎన్‌జీఆర్ఐ గురుత్వ, విద్యుదయస్కాంత కొలతలను కూడా జోడించింది. నా దృష్టిలో ఒక్క పద్ధతిని నమ్ముకోకపోవడమే ఈ భాగస్వామ్యాల్లో మెచ్చుకోదగ్గ అలవాటు.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో కథ వేరు. సముద్రగర్భంలో మంచులాంటి గ్యాస్ హైడ్రేట్ (నీటిలో బందీ అయిన వాయువు) ఉన్నచోట తరంగ వేగం పెరుగుతుంది, దాని కింద వాయువు ఉంటే పడిపోతుంది. ఆ రెంటి సరిహద్దు సైస్మిక్ చిత్రంలో సముద్రం అడుగుకు సమాంతరమైన గీతగా కనిపిస్తుంది. డీజీహెచ్ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హైడ్రోకార్బన్స్), అమెరికా భూగర్భ సర్వే తదితరులు కలిసి 2006లో జోయిడెస్ రిజల్యూషన్ నౌకతో తవ్వినప్పుడు, పదో నంబరు స్థలంలో సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ బయటపడింది. అది బంకమట్టి పగుళ్లలో ఉంది. పగుళ్లలో ఉన్నదాన్ని రంధ్రాల్లో ఉన్నట్టు లెక్కిస్తే పరిమాణం తప్పుతుంది. అందుకే ఆ తర్వాతి నమూనాలు పగుళ్ల వల్ల దిశను బట్టి తరంగ వేగం మారడాన్నీ చేర్చుకోవలసి వచ్చింది. 2015లో చిక్యూ నౌకతో రెండోసారి తవ్వారు. ఈ వాయువును వ్యాపార స్థాయిలో తీయడం మాత్రం ఇంకా మొదలు కాలేదు.

బయటి ప్రపంచంలో ఈ ఏర్పాటుకు పేరున్న నమూనా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లేర్‌బౌట్ 1973లో మొదలుపెట్టిన స్టాన్‌ఫర్డ్ ఎక్స్‌ప్లొరేషన్ ప్రాజెక్ట్. పోటీ కంపెనీలే చందాలు కట్టి, విద్యార్థుల పరిశోధన ఫలితాలను అన్నీ పంచుకుంటాయి. మన దగ్గర ఒక్కో సంస్థ ఒక్కో ప్రాజెక్టుకు డబ్బిచ్చి, ఆ ఫలితాన్ని తనకోసం తీసుకునే తీరే ఎక్కువ. పుణెలోని సీడాక్ కూడా పరమ్ సూపర్‌కంప్యూటర్ల మీద సైస్మిక్ చిత్రాలు తీసే సాఫ్ట్‌వేర్ రాసింది. సర్వే డేటాను ఒకచోట చేర్చేందుకు కేంద్రం 2017లో నేషనల్ డేటా రిపాజిటరీని ప్రారంభించింది.