వెండి రూపాయి: తూకమునకును ముద్రకును నడచిన వ్యాజ్యము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ రజతోత్సవ సమయమున రజతమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయుట ఉచితమని తోచినది. వెండిని కూడబెట్టువారు మన పల్లెలలో నేటికిని కలరు. ఒకరు కడియములుగా, ఒకరు దిమ్మలుగా, మరియొకరు పాత రూపాయలుగా దాచుచుందురు. మూడును వెండియే గదా, భేదమేమని అడుగువారు పెక్కుమంది. ఆ ప్రశ్నకు మన దేశ చరిత్ర గట్టి సమాధానమే చెప్పినది. దానిని విన్నవారు తక్కువ, అనుభవించినవారు ఎక్కువ.

రూపము కొట్టబడినది కావున రూప్యమని పాణిని కాలముననే వ్యుత్పత్తి యేర్పడినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున వెండి నాణెములో నాలుగవ వంతు రాగి కలుపవలెనని విధి గలదు. నాణెములను పరీక్షించుటకు రూపదర్శకుడను అధికారియు కలడు. అనగా నాణెములో లోహపు విలువ వేరు, రాజముద్ర విలువ వేరు అను సంగతి ప్రాచీనులకు తెలియనిది కాదు. 1906లో నాసిక్ ప్రాంతమున జోగల్‌తెంబి యను గ్రామములో పదమూడు వేలకు పైగా వెండి నాణెములు బయల్పడెను. అవి క్షహరాత రాజగు నహపానుడు కొట్టించినవి. వానిలో తొమ్మిది వేలకు పైబడినవానిపై మన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మరల వేయించెను. అడంగలులో పాతవాని పేరు కొట్టివేసి క్రొత్తవాని పేరు వ్రాసినట్లే. భూమి కదలలేదు, హక్కుదారు మారినాడు.

ఇక మన తాతముత్తాతల రూపాయి సంగతి. దక్షిణదేశమున చిరకాలము బంగారు వరాహలదే పెత్తనము. 1818లో మదరాసు ప్రభుత్వము వెండి రూపాయిని ప్రమాణముగా గైకొని వరాహకు మూడున్నర రూపాయలని నిర్ణయించెను. 1835లో కంపెనీవారు తమ యేలుబడిలోని ప్రాంతములన్నిటికిని ఒకే రూపాయి నేర్పరచిరి. దాని బరువు 180 గ్రెయిన్లు, అందు పండ్రెండు వంతులకు పదునొకండు వంతులు వెండి. నేటి లెక్కలో 11.66 గ్రాముల బరువు, 10.69 గ్రాముల మేలి వెండి. రూపాయి యెత్తే తులము. మూడు తులములు పలము, ఇరువదినాలుగు తులములు సేరు, నూటయిరువది తులములు వీశ. తూనికరాళ్లపై సందేహము కలిగిన రైతు రూపాయలనే తక్కెడలో వేసి సరిచూచుకొనెడివాడు. ధనము, తూనిక రెండును ఒకే వస్తువుగా నున్న కాలమది.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. నాడు ఎవరైనను వెండిని టంకశాలకు తెచ్చి యిచ్చినచో, నూటికి ఇంచుమించు రెండు రూపాయల రుసుము పట్టుకొని మిగిలినది రూపాయలుగా కొట్టి యిచ్చుచుండిరి. మదరాసు టంకశాల 1869లో మూతపడగా బొంబాయి, కలకత్తా మిగిలినవి. పల్లెటూరి యిల్లాలు బొంబాయికి పోజాలదు నిజమే. కాని ఆమె కడియము షరాబు చేతిలో పడి, అతని మీదుగా టంకశాల చేరునను ధైర్యము బజారులోని ప్రతి త్రాసుకును ఉండెను. 1876-78 నాటి ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు తల్లడిల్లినపుడు ఈ యేర్పాటు విలువ తెలిసినది. కరువు ప్రాంతముల ఆభరణములు రాసులుగా బొంబాయి టంకశాల చేరి రూపాయలై వెలువడెను. షరాబు వట్టము పట్టుకొన్నను నూరు తులముల వెండికి నూరు రూపాయలకు దగ్గరగా లభించెడిది. వెండి సొమ్ము పేదవాని కరువునిధి యను మాట అక్షరాల సత్యము.

ఆ నిధికి కన్నము పడినది కరువు వలన కాదు, చట్టము వలన. 1873 మొదలు జర్మనీ బంగారు ప్రమాణమునకు మారి తన వెండిని అమ్మజూపినది. అమెరికాలో నెవాడా గనులనుండి వెండి వెల్లువయ్యెను. లండనులో వెండి దిగిన కొలది, రెండు షిల్లింగులకు దగ్గరగా నున్న రూపాయి పదునైదు పెన్నీలకు దిగజారెను. ఇంగ్లండుకు ఏటేటా బంగారు లెక్కన కట్టవలసిన సొమ్ము ప్రభుత్వమునకు మోయరానిదయ్యెను. 1893 జూన్ 26న టంకశాలలను ప్రజల వెండికి మూసివేసిరి. నాటినుండి రూపాయి కొట్టించు హక్కు సర్కారుది మాత్రమే. రూపాయిని కొరతలో నుంచి పదునారు పెన్నీలకు ఎగబ్రాకించిరి. వెండి మాత్రము దిగుచునే యుండెను. 1902 చివర ఔన్సు 22 పెన్నీల లోపునకు వచ్చెను. రూపాయిలోని వెండి రూపాయికి సరిపోవలెనన్న ఔన్సు 43 పెన్నీలుండవలెను!

ఈ లెక్కను పల్లెకు తెచ్చి చూడుడు. పెట్టెలో నూరు రూపాయలు దాచినవానికి నష్టము లేదు. అవి నూరు రూపాయలే. నూరు తులముల కడియములు దాచినవానికి 1896-97 కరువు నాటికి లోహపు ధరనుబట్టి మూడింట రెండు వంతులకు కొంచెము అటునిటుగా మాత్రమే దక్కును. ఒకే టంకశాల వెండి, ఒకే తూకము. ఒకదానిపై రాణి ముఖమున్నది, వేరొకదానిపై కంసాలి నగిషీ యున్నది. నన్నడిగిన, తాకట్టు పత్రముపై ఒక్క అక్షరము దిద్దకుండ పైకము మూడవవంతు మాయము చేయుట ఇంతకంటె నేర్పుగా సాధ్యము కాదు. చట్టమును చేసినవారు మారకపు చిక్కును తీర్చుకొనిరి. ఆ ఖర్చు ఎవరి కాళ్ల కడియములనుండి వచ్చెనో ఏ పద్దులోను వ్రాయబడలేదు.

అయితే వ్యాజ్యము అంతటితో తేలలేదు. మొదటి ప్రపంచయుద్ధమున వెండి ధర పైకెగసి 1917లో ఆ 43 పెన్నీల గీటును దాటెను. ఇపుడు రూపాయిని కరగించినవానికే లాభము! ప్రభుత్వము కరగించుటను నిషేధించి, ఆ యేడు నవంబరు 30న ఒక రూపాయి కాగితపు నోటును వెలువరించెను. 1918లో అమెరికా తన వెండి డాలర్లను కరగించి ఇరువది కోట్ల ఔన్సుల వెండిని భారతదేశమునకు అమ్మినది. 1920 ఫిబ్రవరిలో ధర 89 పెన్నీలు దాటెను. ముద్ర గెలిచిన పాతికేండ్లకు తూకము గెలిచినది.

రెండవ యుద్ధములో సర్కారు ముందే జాగ్రత్తపడెను. 1940లో రూపాయిలోని వెండిని సగమునకు తగ్గించిరి. 1941 మొదలు 1943 వరకు విక్టోరియా, ఎడ్వర్డు, జార్జి రూపాయలను వరుసగా చెలామణినుండి తొలగించిరి. గడువులోపల ఖజానాకు కట్టినవారికి నోట్లు వచ్చినవి; గోడలలో దాచినవారికి చెల్లని రూపాయలు, చెల్లు వెండి మిగిలినవి. 1947లో పులిబొమ్మగల నికెలు రూపాయి వచ్చుటతో సామాన్య చెలామణిలో వెండి రూపాయి కథ ముగిసెను. నిజాం రాజ్యపు హాలీ సిక్కా మాత్రము తన దారిన నడచి, ఏడు సిక్కాలకు ఆరు రూపాయల లెక్కన మారి, 1959లో రద్దయ్యెను. దానిపై చార్మినారు బొమ్మ యుండుటచే నేటికిని దానిని ముచ్చటపడి దాచుకొనువారు కలరు.

నేడు పాత రూపాయలను కొనగోరువారికి కొన్ని సూచనలు. 1862 అని యున్నవన్నియు ఆ యేటివి కావు. తరువాత పదేండ్లకు పైగా ఆ యంకెతోనే కొట్టిరి. 1911 నాటి జార్జి రూపాయిపై రాజు వస్త్రముమీది యేనుగు పందివలె కనబడుచున్నదని అలజడి రేగి ఉపసంహరింపబడినది. అందుచే దానికి ప్రియము హెచ్చు. సీతారాములు, హనుమంతుడు ఉన్న 'కంపెనీ నాణెముల'ను కంపెనీ యెన్నడును కొట్టలేదు, అవి కల్పితములు. చిల్లు పడినదియు, చింతపండుతో తోమినదియు సేకరణదారుకు లోకువ. బరువు 11.66 గ్రాములకు బాగుగా తగ్గిన అరుగుదలయో కల్తీయో విచారింపవలెను. ఇచ్చెడి ధరలో వెండికెంత, అపురూపతకెంత యని వేరువేరుగా లెక్క కట్టుకొనుడు. రోజు ధరను 10.69 గ్రాములతో గుణించిన మొదటిది తేలును.

ఇల్లు పడగొట్టునపుడో పునాది త్రవ్వునపుడో కుండ దొరకినచో మాత్రము కరగించుటకు పరుగెత్తకుడు. 1878 నాటి నిక్షేపముల చట్టము నేటికిని అమలులో నున్నది. పది రూపాయల విలువ మించిన నిక్షేపమును కలెక్టరుకు వ్రాతమూలముగా తెలియజేయవలెను. దొరకిన చోటు, లోతు, కుండ పెంకులతో సహా అట్లే చూపించుడు.