సీమాంతదేశనిర్ణయము: మైలవరపు సీమ దృష్టాంతముగా

ఒక దేశము రెండు ఖండముల నడుమ నుండినప్పుడు దానిని దేనిలోఁ జేర్పవలయునను ప్రశ్న భూగోళశాస్త్రమునఁ బ్రాచీనమైనది. జార్జియా, ఆర్మీనియా, తురుష్కదేశము మున్నగువానిని గూర్చి పాఠశాలలలో బాలురు నేఁటికి నీ ప్రశ్న నడుగుచుందురు. ఒక పటమున ఆసియాలోఁ గనఁబడిన దేశమే మఱియొక పటమున ఐరోపాలోఁ గనఁబడును. ఉపాధ్యాయుఁడు తన పుస్తకములో నున్నదానిని జెప్పి ముగించును. ఆ పుస్తకమున నట్లు వ్రాయుటకుఁ గారణమేమి, ఆ కారణ మెంతవఱకు నిలుచును అనునవి విచారింపఁదగినవి. ఈ విచారమునకు విజయవాడకు నుత్తరమున నున్న మైలవరపు సీమ మంచి దృష్టాంతము. ఖండముల విషయమున దూరమునఁ గనఁబడు చిక్కు నిచ్చటఁ జేరువనుండి చూడవచ్చును.

యవనచరిత్రకారుఁడగు హెరొడోటసు క్రీస్తునకుఁ బూర్వ మైదవ శతాబ్దముననే యీ ప్రశ్నను విమర్శించెను. ఆనాఁటి యవనులు భూమిని ఐరోపా, ఆసియా, లిబియా యని మూఁడుగా విభజించి, ఆసియాకును లిబియాకును నైలునదిని హద్దుగాఁ జెప్పుచుండిరి. లిబియా యనఁగా నేఁటి ఆఫ్రికా. నైలునది సముద్రమును జేరకమున్నే పాయలుగాఁ జీలుచున్నది గదా, ఆ పాయల నడిమి భూమి ఆసియాయా, లిబియాయా, లేక నాలవ ఖండమా యని యాతఁ డాక్షేపించెను. ఐగుప్తులు నివసించు భూమి యంతయు నైగుప్తమే యని యాతని నిర్ణయము. ఒక్కటియే యైన భూమికి మూఁడు పేళ్లేల కలిగెనో తనకు బోధపడలేదని యాతఁడు మఱియొకచోట వ్రాసెను.

ఈ యాక్షేపణము కృష్ణాతీరవాసులకు సులభముగా బోధపడును. కృష్ణ పులిగడ్డయొద్ద రెండు పాయలై, దివిసీమను నడుమ నిడుకొని, సముద్రమునఁ గలియుచున్నది. నది హద్దు అని మాత్రము చెప్పి యూరకున్నచో దివిసీమ యే యొడ్డునకుఁ జెందునో తేలదు. పడమటి పాయను హద్దుగా నెంచుటచేత నది కృష్ణామండలమున నున్నది. అట్లెంచినవారు పాలకులు, నదికి దానితోఁ బ్రసక్తి లేదు.

మన శాస్త్రకారులును సీమలను జెప్పుటలో నేకవాక్యత వహింపలేదు. మనుస్మృతిలో ఆర్యావర్తము తూర్పు సముద్రమునుండి పడమటి సముద్రము వఱకు హిమవద్వింధ్యముల నడిమి దేశము. పతంజలి మహాభాష్యమున నది ఆదర్శమునకుఁ దూర్పు, కాలకవనమునకుఁ బడమర, హిమవంతమునకు దక్షిణము, పారియాత్రమునకు నుత్తరము. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో మాహిష్మతి కావలిదానిని దక్షిణాపథ మనెను. మనువు ధర్మమునకుఁ బ్రమాణమైన దేశమును వెదకెను. పతంజలి వ్యాకరణ మభ్యసింపకయే సాధుశబ్దములను బలుకు శిష్టుల దేశమును వెదకెను. రాజశేఖరుఁడు కవులు దేశవర్ణనమునఁ దప్పకుండుటకై దిగ్విభాగమును గూర్చెను. ప్రయోజనము వేఱగుటచే హద్దులు వేఱయ్యెను. ఇందెవ్వరును దప్పుచెప్పిరనుటకు వీలులేదు.

ఐరోపాకును ఆసియాకును నడిమి హద్దు చరిత్రయు నిట్టిదే. ప్రాచీనులు డాను నదిని హద్దుగాఁ జెప్పుచుండిరి. పదునెనిమిదవ శతాబ్దమున రుష్యాదేశస్థుఁడగు తతీష్చెవును, స్వీడనుదేశస్థుఁడగు స్ట్రాలెన్‌బర్గును యూరలు పర్వతములను హద్దుగాఁ బ్రతిపాదించిరి. స్ట్రాలెన్‌బర్గు గ్రంథము 1730లో వెలువడెను. పర్వతములు కదలలేదు, నది త్రోవ మార్చుకొనలేదు. హద్దు మాత్రము చాలదూరము తూర్పునకు జరిగెను. రుష్యా ప్రభువులు తమ రాజ్యమును ఐరోపారాజ్యముగా నెంచుకొనుచుండిన కాల మది. ఇటీవలి కాలమునను ఇట్టివి గలవు. మొరాకో 1987లో ఐరోపా సమాజమునఁ జేరఁగోరఁగా నది ఐరోపాదేశము కాదని త్రోసిపుచ్చిరి. స్పెయినునకును దానికిని నడుమ జలసంధి వెడల్పు మిక్కిలి యిఱుకైన చోట సుమారు పదునాలుగు కిలోమీటర్లు మాత్రమే. పటములందుఁ దఱచుగా ఆసియాలోఁ జూపఁబడు సైప్రసు ద్వీపము 2004లో ఐరోపాసమాఖ్యలో సభ్యురాలయ్యెను. కజకిస్తాను బంతియాటలకై 2002లో ఆసియాకూటమిని విడిచి ఐరోపాకూటమిలోఁ జేరెను. కావున ఖండమేదియను ప్రశ్నకు ముందు, ఎవ్వరు, ఏ పనికై యడుగుచున్నారను ప్రశ్న యున్నది.

ఖండములకుఁ జెప్పిన న్యాయమే నాడులకును జెల్లును. తెలుఁగుదేశమునఁ గోస్తా, తెలంగాణ మను పేళ్లు రెండు ఖండములవలె వాడుకలో నున్నవి. మైలవరము వాని నడిమి యెల్లభూమి. దక్షిణమునఁ గొండపల్లి కొండలు. ఉత్తరమునఁ దిరువూరు దాఁటినఁ గమ్మమెట్టు మండలము. ఈ సీమ యేఖండమునకుఁ జెందునను విషయమున రెండు పూర్వపక్షములు గలవు. అనాదిగాఁ గృష్ణామండలములోనిది గావునఁ గోస్తాదేశమే యని యొకటి. కొండలు, చెఱువులు, మామిడితోఁటలు గల మెట్టభూమి గావున డెల్టాతోఁ బొత్తులేనిది, పైనాటితోఁ గలిసినది యని రెండవది. ఈ రెంటిని నీరు, రాజ్యము, భాష యను మూఁడు ప్రమాణములచేఁ బరీక్షింపవలెను.

మొదటిది నీరు. బెజవాడయొద్దఁ గృష్ణ కానకట్ట 1852లో నారంభింపఁబడి 1855లో ముగిసెను. దాని కాలువలు పల్లమునకుఁ బ్రవహించి డెల్టాను మాగాణి గావించెను. మైలవరము ఎత్తుననుండుటచే నా నీరు దానికి నందలేదు. ఆ దినముననే మండలములో రెండు లోకము లేర్పడెననవచ్చును: కాలువ క్రింది పల్లము, వానకెదురుచూచు మెట్ట. పుచ్చుకొనిన నీటినిబట్టి చూచినచో మైలవరము డెల్టాలోనిది కాదు. ఇచ్చిన నీటినిబట్టి చూచినచో ఫలము తాఱుమాఱగును. మైలవరపు కొండలలోఁ బుట్టిన బుడమేరు వెలగలేరు మీఁదుగా దిగి, విజయవాడ నొరసికొని, కొల్లేటఁ గలియుచున్నది. ఈ కొండలమీఁదఁ బడిన వాన పల్లపువారి యింటిముందు నిలుచును.

ఈ రెండవ సంబంధమును మఱచుటవలనఁ గలుగు కష్టము 2024లోఁ బ్రత్యక్షమయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టు కడపటను సెప్టెంబరు మొదటను గురిసిన మహావర్షముచే బుడమేరు పొంగి, వరదనీటిని గృష్ణకు మరల్చు కాలువగట్లు తెగి, విజయవాడలోఁ సింగునగరు మున్నగు పేటలు దినములకొలఁది నీట మునిఁగెను. మెట్ట వేఱు, పల్లము వేఱని పటమునఁ జూపిన గీఁతను నీరు మన్నింపలేదు. ఏటి పుట్టుక యొక నాట, దాని త్రోవలో నిండ్లు వేఱొక నాట నున్నవని యెంచువారికి నా యేఱు తమది యను తలంపు కలుగదు.

రెండవది రాజ్యము. నందిగామ, మధిర ప్రాంతములలో నతవాడి యను ప్రాచీనమైన నాడు గలదు. కాకతి గణపతిదేవుని సోదరీమణులగు మైలాంబ, కుందాంబలను నతవాడి రుద్రుఁడు వివాహమాడెను. నేఁడు నందిగామ యొక రాష్ట్రమునను మధిర వేఱొక రాష్ట్రమునను నున్నవి; కాకతీయుల కాలమున నతవాడికి నిట్టి నడిమి గీఁత లేదు. పిదపఁ గొండపల్లి దుర్గము రెడ్లకును, గజపతులకును, కృష్ణదేవరాయలకును, గోలకొండ సుల్తానులకును వశమయ్యెను. గోలకొండ కాలమునఁ గొండపల్లి సర్కారును గమ్మమెట్టును నొక్క రాజ్యములోనివే. 1687లో గోలకొండ మొగలాయీల వశమైన పిమ్మటను, తరువాత నిజాముల కాలమునను గూడ నట్లే యుండెను.

విడిపోవుట 1766వ సంవత్సరమునఁ గలిగెను. ఆ యేఁట నింగ్లీషు కుంపిణీవారు కొండపల్లి దుర్గమును బట్టిరి. నవంబరు 12వ తేదీని నిజాముతోఁ జేసికొనిన సంధిచే నుత్తరసర్కారులు వారి పాలయ్యెను. నాఁడు గీచిన గీఁత 1956 వఱకు, నూటతొంబదియేండ్లు, రాజ్యముల హద్దుగా నిలిచెను. మైలవరపు జమీ దక్షిణపు ప్రక్కను, దానితోఁ దొల్లి నొక్కటిగానుండిన పల్లెలు ఉత్తరపు ప్రక్కను నుండిపోయెను. జనులు మాఱలేదు, పన్ను చెల్లించు కచ్చేరి మాఱెను. కోస్తా తెలంగాణముల భేదము ప్రకృతిచే నేర్పడినదని పలువు రెంచుచుందురు. మైలవరపు సీమలో మాత్రము దానికిఁ బుట్టినతేదీ గలదు.

ఆ గీఁతయైనను నేరుగా లేదు. కంచికచెర్ల చేరువనున్న పరిటాలయు మఱికొన్ని గ్రామములును వజ్రపుగనులు గలవి యగుటచే నిజాము వానిని దనయొద్ద నుంచుకొనెనని ప్రసిద్ధి. అందుచే నింగ్లీషుసీమ నడుమ నిజాముదీవి యొకటి మిగిలెను. ఇందుకుఁ బ్రతిగా మునగాల పరగణా నిజాముసీమ నడుమ కృష్ణామండలపు దీవియై యుండెను. 1947లో నింగ్లీషువారు వెడలినప్పుడు పరిటాల గ్రామముల చుట్టును స్వతంత్రభారతము, లోపల నిజాము పాలనము. ఆ గ్రామస్థులు నిజామును ధిక్కరించి తమ ప్రభుత్వమును దామే యేర్పఱచుకొనిరి. 1948 సెప్టెంబరున హైదరాబాదు భారతప్రభుత్వమున కధీనమైన పిదప నా చిక్కు తీఱెను. పటముమీఁది చుక్క యొకటి మనుష్యుల కెట్టి సంకట మగునో యీ గ్రామముల చరిత్ర చెప్పుచున్నది.

మునగాల వేఱొక పాఠమును నేర్పుచున్నది. ఆ పరగణాకు జమీందారగు నాయని వేంకటరంగారావుగారును, దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, రావిచెట్టు రంగారావుగారును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించినవారిలో ముఖ్యులు. లక్ష్మణరావుగారు నందిగామ ప్రాంతపు పెనుగంచిప్రోలున జన్మించినవారు. విజ్ఞానచంద్రికామండలియు 1906లో హైదరాబాదుననే పుట్టెను. రెండు రాజ్యముల నడుమ నలిగిన సీమయే రెండింటికిని వంతెన యయ్యెను. మునగాలయు నాంధ్రప్రదేశ మేర్పడిన పిదప నల్లగొండమండలమునఁ జేరి, 2016నుండి సూర్యాపేటమండలమున నున్నది.

మూఁడవది భాష. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములను సేకరించి 1962లోఁ బ్రకటించిన మాండలికవృత్తిపదకోశ పరిశోధనమువలనఁ దెలుఁగునకుఁ బూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములను నాలుగు భాషామండలము లేర్పడెను. కృష్ణామండలము మధ్యమునను, తెలంగాణ ముత్తరమునను జేరినవి. అయినను పదముల హద్దులు రాజ్యముల హద్దులవంటివి కావు. ఒక పనిముట్టు పేరు ఒక యూర మాఱును, మఱియొకదాని పేరు పదికోసుల కావల మాఱును. ఈ గీఁతలన్నియు నొకదానిపై నొకటి సరిగాఁ బడవు. ఎల్లభూమిలో నుభయపదములును వినఁబడుట సహజము. భాషాప్రమాణము కేంద్రములను స్పష్టముగాఁ జూపును, అంచులను జూపలేదు.

ఇఁక సిద్ధాంతము. కాలువనీటిని గూర్చి యడిగినచో మైలవరము మెట్ట. వరదను గూర్చి యడిగినచో నది కొల్లేటి పరివాహము. కాకతీయ గోలకొండ కాలములను గూర్చి యడిగినచో నది కమ్మమెట్టుతో నొక్క రాజ్యములోనిది. 1766 తరువాతి పన్నును గూర్చి యడిగినచో నుత్తరసర్కారులలోనిది. 2022నుండి మండలమును గూర్చి యడిగినచో నది ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది, కృష్ణాజిల్లాలోనిది కాదు. ఈ యుత్తరములన్నియు సత్యములే. ఒక ప్రశ్నకుఁ జెప్పిన యుత్తరమును వేఱొక ప్రశ్నకుఁ జెల్లించుట మాత్రమే దోషము. జమాబందీ గీఁతను జూచి జాతిభేదము నూహించుటయు, భాషామండలమును జూచి వరదకాలువను నిర్ణయించుటయు నట్టి దోషములు.

ఈ దోషమువలనఁ గలుగు కష్టమునకు భద్రాచలము గట్టి నిదర్శనము. ఆ ప్రాంతము 1860లో నిజామువలన నింగ్లీషువారికి సంక్రమించి మధ్యపరగణాలలోఁ జేరెను. 1874లో మద్రాసురాజధానిలోని గోదావరిమండలమునఁ గలిసెను. 1959లో సామీప్యమును బట్టి కమ్మమెట్టుమండలమునఁ జేరెను. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు పోలవరము ఆనకట్ట ముంపును బట్టి పరిసరమండలము లాంధ్రప్రదేశమున కీయఁబడెను. పట్టణము తెలంగాణమున నిలిచెను. కంచెర్ల గోపన్న కట్టించిన కోవెల యొక రాష్ట్రమునను, పురుషోత్తపట్టణములోని యా దేవుని మాన్యములు వేఱొక రాష్ట్రమునను నున్నవి. ముంపునకై గీచిన గీఁత ముంపునకు సరిపడినది. దేవాలయమునకును, బజారునకును, బడికిని, వైద్యాలయమునకును భద్రాచలమునే యాశ్రయించు చుట్టుపల్లెలవారి దినచర్యను నది గణింపలేదు. గీఁత గీచువారు తమ ప్రయోజన మొక్కటియే గ్రామమునకుఁ గల ప్రయోజనమని తలంచినప్పు డిట్లగును.

మన పూర్వులు తెలుఁగుదేశమును జెప్పుట కింకొక మార్గమును నెఱిఁగియుండిరి. శ్రీశైలము, ద్రాక్షారామము, కాళేశ్వరము అను మూఁడు క్షేత్రములను బేర్కొని, వానినడిమిది త్రిలింగదేశ మనిరి. అందుఁ గొలఁతగీఁత లేదు. దీపస్తంభములు మాత్రము గలవు. ఆ వెలుఁగున మైలవరము ఎల్లభూమి కాదు, నట్టనడిమి భూమి. పన్నును వసూలు చేయుట కీ మార్గము పనికిరాదు. జనుల సంబంధములను దెలిసికొనుటకుఁ బనికివచ్చును.

కావున బడులలో జార్జియాను గూర్చి బాలుఁ డడిగినప్పుడు, మైలవరమును గూర్చి వాఁ డడిగినప్పుడును, ఒక్క పేరు చెప్పి ముగించుట పాఠము కాదు. నీ వడుగునది నీటిని గూర్చియా, రాజ్యమును గూర్చియా, మాటను గూర్చియా యని వానినే మరల నడుగవలెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పఁగల బాలునికిఁ బటము చదువుట వచ్చినట్లు.