పేరు చెప్పని విద్వాంసులు

మా పిన్నిది కంకిపాడు. బందరు రోడ్డు మీద బస్సు దిగి సందులోకి తిరిగితే నాలుగో ఇల్లు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళితే నాకక్కడ తెల్లవారేది కోడికూతతో కాదు, రేడియోతో! ముందు ఆకాశవాణి వారి ఆ చిన్న రాగం, దాని వెనకే వందేమాతరం, కాసేపటికి భక్తిరంజని. పిన్ని పొయ్యి మీద పాలు పెట్టి, కుడిచేతి వేళ్ళతో గట్టు మీద ఏదో మీటుతూ ఉండేది. పెళ్ళికి ముందు ఆరేళ్ళు వీణ నేర్చుకుంది లెండి. పెళ్ళయ్యాక ఆ వీణ పాత చీర ముసుగేసుకుని పడగ్గది మూలకి చేరింది.

"ఇవాళ వీణ ఎవరు పిన్నీ?" అని అడిగానోసారి.

"ఎవరైతేనేం? వృందంలో పేర్లు చెప్పరు" అంది.

ఆ మాట నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. ఇంతకీ ఈ వృందం ఎక్కణ్ణించి వచ్చింది?

రేడియోకి సొంత వాద్యబృందం ఉండాలన్న ముచ్చట పడమటి దేశాలది. జర్మనీలో 1923లో ప్రసారాలు మొదలయ్యాయో లేదో, బెర్లిన్ రేడియోకి ఓ వాద్యబృందమూ పుట్టింది. ఆ రోజుల్లో గ్రామఫోను రికార్డు నాలుగైదు నిమిషాల్లో అయిపోయేది. గంటల తరబడి సంగీతం వినిపించాలంటే విద్వాంసులకి జీతాలిచ్చి పెట్టుకోవాల్సిందే. యుద్ధంలో కూలిన మ్యూనిక్‌లో, ఆ శిథిలాలు ఇంకా పూర్తిగా ఎత్తకముందే, 1949లో యూజెన్ యోకుమ్ నాయకత్వాన బవేరియా రేడియో సింఫనీని నిలబెట్టారు. అంతకు కొద్ది నెలల ముందే, 1948 డిసెంబరు 1న, మన విజయవాడ కేంద్రం గొంతు విప్పింది.

ఇంకో చుట్టరికం కూడా ఉందండోయ్. పొద్దున్నే మనల్ని లేపిన ఆ ఆకాశవాణి రాగాన్ని కట్టినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అని చెబుతారు. బెర్లిన్‌లో సంగీతం చదువుకున్న యూదుడు. హిట్లర్ రోజుల్లో, 1934లో, బొంబాయి చేరాడు. తరవాత అక్కడి రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసేవాడు. ఇల్లు పోగొట్టుకున్నవాడి రాగంతో మన ఇళ్ళన్నీ మేలుకున్నాయన్నమాట!

అయితే మన సంగీతానికి వృందం అంత తేలిగ్గా లొంగేది కాదు. మన కచేరీలో ఒకరు పాడితే తక్కినవాళ్ళు పక్కవాద్యాలు. వృందంలో అలా కుదరదు. పదిమందీ ఒకే గమకాన్ని ఒకేలా పలికించాలి. ఎవరో ఒకరు మనోధర్మం అంటూ సొంత సంగతి వేశారా, అంతా అభాసే! ఏ వాద్యం ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఆగాలో ముందే రాసుకోవాలి. 1952లో ఢిల్లీలో ఆకాశవాణి వాద్యవృందం ఏర్పడినప్పుడు పండిట్ రవిశంకర్, టి. కె. జయరామయ్యర్ తలకెత్తుకున్న పని ఇదే. తరవాత ఆ వృందాన్ని నడిపించినవారిలో మన ద్రాక్షారామం వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రిగారు ఉన్నారు. ఎవరెస్టు ఎక్కిన కథని మాటల్లేకుండా, ఉత్త వాద్యాలతో, 'ఆదర్శ శిఖరారోహణం'గా వినిపించిన మనిషి.

విజయవాడ సంగతి చెప్పాలా! మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు, బాలాంత్రపు రజనీకాంతరావు గార్లు అంతా ఆ గూటివారే. వయొలిన్ అన్నవరపు రామస్వామిగారిది, మృదంగం దండమూడి రామమోహనరావుగారిది. రామమోహనరావుగారి భార్య నిడుమోలు సుమతిగారు కూడా మృదంగ విదుషీమణే. ఆడవాళ్ళు మృదంగం ముట్టుకోవడమా అని ముక్కున వేలేసుకునేవాళ్ళ మధ్య ఆ వాద్యం చేపట్టారు. 2021లో రామస్వామిగారికీ, సుమతిగారికీ ఒకే ఏడు పద్మశ్రీ వచ్చింది. పేపర్లో చదివి మా పిన్ని కళ్ళొత్తుకుంది.

జర్మనీలో 2016లో ఖర్చు తగ్గించుకోవాలని స్టుట్‌గార్ట్ రేడియో బృందాన్నీ, ఫ్రైబుర్గ్, బాడెన్ బాడెన్‌లది ఇంకోదాన్నీ కలిపేశారు. శ్రోతలూ, విద్వాంసులూ వద్దని మొత్తుకున్నారు. ఎవరు విన్నారు? ఇక్కడ మనకి అంత గొడవ కూడా లేదు. పొద్దున్నే రేడియో పెట్టే ఇళ్ళే చడీచప్పుడూ లేకుండా తగ్గిపోయాయి.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్ని మనవరాలు ఫోన్‌లో పాత భక్తిరంజని పెట్టింది. వాలుకుర్చీలో కునికిపాట్లు పడుతున్న పిన్ని ఒక్కసారి తలెత్తి, వీణ వాయించిన వారి పేరు టక్కున చెప్పేసింది.

"వృందంలో పేర్లు చెప్పరన్నావుగా పిన్నీ?"

"వాళ్ళు చెప్పకపోతే మాత్రం? మీటు చెప్పదుటే!" అంది.

కుర్చీ చేతి మీద ఆవిడ వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. మనవరాలు అటే చూస్తూ, "అమ్మమ్మా, ఆ మూలనున్న వీణకి తీగలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగింది. పిన్ని వెంటనే జవాబు చెప్పలేదు. ఆ పాట అయ్యేదాకా ఆగి, "బెజవాడ వెళ్ళాలి. నేనూ వస్తాను" అంది.