పాట కట్టేది ఒకరు, రాసేది ఇంకొకరు



సంగీతం నేర్చుకున్న ఆడపిల్ల వున్న ప్రతి యింట్లోనూ ఒక పాత నోటుపుస్తకం వుంటుంది. అట్ట వూడిపోయి, అక్కడక్కడ పసుపు మరకలు పడి, ఏ ట్రంకుపెట్టె అడుగునో దొరుకుతుంది. మేస్టారు చెపుతూంటే రాసుకున్న సరళీస్వరాలు, నాలుగు గీతాలు, రెండు వర్ణాలు. కామా పెడితే ఒక అక్షరకాలం, సెమికోలన్ పెడితే రెండు. స్వరం నెత్తిన చుక్క వుంటే తారస్థాయి, కింద వుంటే మంద్రస్థాయి. ఈ లెక్కలు మనలో చాలామందికి యిప్పటికీ గుర్తే.

ఈవేళ ఆ నోటుపుస్తకాన్ని గురించే నాలుగు మాటలు చెపుతాను. వేళ్ళు వంగనివాళ్ళూ, చూపు లేనివాళ్ళూ కొత్తగా పాట కడితే, ఆ పుస్తకం ఎవరు రాయాలి?

ఈ ప్రశ్న నాకు మా పిన్ని వల్ల పుట్టింది. ఆవిడ బందరులో వుండేది. వీణ బాగా వాయించేది. నలభై దాటాక కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. వీణ అటకెక్కింది గాని పిన్నిలో పాట ఆగలేదు. మంగళహారతులకూ, పెళ్ళిపాటలకూ కొత్త మెట్లు కడుతూనే వుండేది. "ఏమే అమ్మాయ్, కాస్త ఈ స్వరం రాసిపెడుదూ" అని వచ్చినప్పుడల్లా అడిగేది. "రేపు రాస్తాలే పిన్నీ" అనేదాన్ని. నా చదువు, తరవాత నా పెళ్ళి, నా పిల్లలు. ఆ రేపు రానేలేదు. పిన్ని పోయాక మాటలు మిగిలాయి, మెట్లు పోయాయి.

ఇది మా పిన్ని ఒక్కదాని కథే అయితే మీ ముందు చెప్పుకోనక్కరలేదు. మన సంగీత చరిత్రలో యిటువంటి నష్టం ఎంతో జరిగింది. తిరుమల కొండమీద అన్నమాచార్యుల రాగిరేకులు 1922లో బయటపడ్డాయి. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కి వుంది, స్వరం మాత్రం లేదు. ఇవాళ మనం పాడుకునే అన్నమయ్య పాటల్లో చాలావాటికి మెట్లు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి యీ కాలపు విద్వాంసులు కట్టినవే. మన కృష్ణా జిల్లా మొవ్వ గ్రామం పేరు చెప్పగానే గుర్తొచ్చే క్షేత్రయ్య మాట మాత్రం ఏమిటి? పదాలు వందల్లో దొరికాయి, వాటిలో పాత మెట్టుతో సహా దక్కినవి తక్కువ. రాయని మెట్టుకు గురువు గొంతు, శిష్యుడి చెవి తప్ప వేరే ఆధారం లేదు.

ఆ ఆధారం గట్టిగా వున్నచోట విద్య నిలిచింది, కాదనను. దివిసీమలో కృష్ణ ఒడ్డున పెదకళ్ళేపల్లి వుంది. అక్కడి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని వారు. ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు నేర్చుకుంటే, పంతులుగారి దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ నేర్చుకున్నారు. అయితే త్యాగరాజస్వామికి కూడా రాసిపెట్టే శిష్యులు వుండబట్టే అన్ని కీర్తనలు మిగిలాయి. వాలాజాపేట శిష్యుల రాతప్రతులే అందుకు సాక్ష్యం.

స్వరం రాయడమనే పని ఎంత పెద్దదో 1904లో తెలిసింది. ఆ యేడు ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులుగారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చయింది. తమిళదేశంలో అచ్చయినా అది తెలుగు లిపిలో వున్న గ్రంథం. కంపితానికి ఒక గుర్తు, స్ఫురితానికి ఒక గుర్తు, జారుకు మరొక గుర్తు. స్వరం ఎలా వూగాలో కూడా కాగితం మీద పెట్టారు. ఆ పనికి పట్టుబట్టినవారు చిన్నస్వామి మొదలియారుగారు. ఆయన అంతకుముందు మన కీర్తనలను పాశ్చాత్యుల అయిదు గీతల పద్ధతిలోకి ఎక్కించే పని తలకెత్తుకున్నారు. ఆ శ్రమలో ఆరోగ్యం చెడింది, చూపు మందగించింది. తాను చెయ్యలేనని తెలిశాక, దీక్షితులుగారి చేత అయినా గ్రంథం వెయ్యించమని ఎట్టయపురం రాజాగారిని వేడుకున్నారు. చూపు తగ్గుతున్న మనిషి ఇంకొకరి చెయ్యి కోసం అడిగిన ఫలితమే మన చేతికొచ్చిన ఆ పుస్తకం.

చూపు సరిగా లేకపోతే సంగీతం రాదని ఎవరైనా అంటే ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు చెపితే చాలు. 1893లో పుట్టిన ఆయనకు చూపు చాలక బడిచదువు సాగలేదు. అన్నగారు వయొలిన్ నేర్పారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులయ్యారు, 1936లో ప్రిన్సిపాలయ్యారు. వాయించడానికి చెవీ, చెయ్యీ చాలు. కొత్త పాట కట్టి పదిమంది చేత వాయింపించాలంటే మాత్రం కాగితం కావాలి.

పెదకళ్ళేపల్లి శాస్త్రిగారి మనుమడికి తాతగారి పేరే పెట్టారు. ఆయనే సినిమా సంగీత దర్శకులు సుసర్ల దక్షిణామూర్తిగారు. 1950లో "సంసారం", 1963లో "నర్తనశాల" ఆయనవే. 1955లో "సంతానం" కోసం లతా మంగేష్కర్ చేత మొదటిసారి తెలుగు పాట పాడించిందీ ఆయనే. తరవాతి కాలంలో మధుమేహం వల్ల చూపు పోయింది. 2012లో కన్నుమూశారు. సినిమా పాటల రికార్డింగులో దర్శకుడు హమ్ చేస్తే సహాయకుడు స్వరాలు రాయడం, ఆ కాగితాలు చూసి వాద్యగాళ్ళు వాయించడం మామూలే. చూపున్నవాళ్ళకు అది ఒక సదుపాయం. చూపు పోయినవారికి వేరే దారి లేదు.

ఇతర దేశాలవాళ్ళకూ యీ యిబ్బంది తప్పలేదు. ఫ్రాన్సులో లూయీ బ్రెయిల్ అనే ఆయన మూడేళ్ళ వయసులో, తండ్రి పనిచేసే చోట ఆర తగిలి చూపు పోగొట్టుకున్నాడు. చుక్కల లిపిని 1829లో పుస్తకంగా వేసినప్పుడు అందులో మాటలతో పాటు సంగీతం రాసే పద్ధతినీ చేర్చాడు. తాను స్వయంగా చర్చిలో ఆర్గన్ వాయించేవాడు మరి! కాని బ్రెయిల్లో రాసిన పాటను చూపున్న వాద్యగాడు చదవలేడు. స్పెయిన్ దేశపు హోకిన్ రోడ్రిగో మూడేళ్ళకే అంధుడయ్యాడు. 1939లో గిటారు కోసం "అరంహుయెజ్" కచేరీ రచన చేసింది బ్రెయిల్లోనే. తరవాత ఒక్కొక్క స్వరం చెప్పి ఇంకొకరి చేత రాయించాడు. పియానో విద్వాంసురాలైన భార్య విక్టోరియా ఆయనకు జీవితమంతా తోడుగా నిలిచింది. ఇంగ్లండు రచయిత డీలియస్‌కు పక్షవాతమూ, అంధత్వమూ రెండూ వచ్చాయి. 1928లో ఎరిక్ ఫెన్బీ అనే కుర్రవాడు తానే ఉత్తరం రాసి వెళ్ళి ఆయనకు చెయ్యి అయ్యాడు. 1934లో డీలియస్ పోయేదాకా ఆయన చెపుతూంటే రాశాడు.

ఫెన్బీ లాంటి కుర్రవాడు అందరికీ దొరకడు కదా! నాకు యిక్కడే కంప్యూటరు గొప్ప కనిపిస్తుంది. స్వరాలు రాసే ప్రోగ్రాములు 1980ల నుంచి వస్తూనే వున్నాయి. ఫినాలే 1988లో, సిబేలియస్ 1993లో వచ్చాయి. తరవాత మ్యూజ్‌స్కోర్ అనేది పూర్తిగా ఉచితంగా వచ్చింది. అక్షరం మీట నొక్కితే స్వరం పడుతుంది, అంకె నొక్కితే దాని నిడివి పడుతుంది. రాసినదాన్ని అదే వాయించి వినిపిస్తుంది. తప్పు వుంటే దిద్దుకోవచ్చు. చూపు లేనివారికి తెరమీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి. వాటిలో ఎన్.వి.డి.ఎ. అనేదాన్ని ఇద్దరు అంధ యువకులు ఆస్ట్రేలియాలో 2006లో మొదలుపెట్టారు. అదీ ఉచితమే, తెలుగూ చదువుతుంది. మ్యూజ్‌స్కోర్ 2023 నుంచి రాసిన స్వరాలను బ్రెయిల్లోనూ చూపిస్తోంది. అమెరికాలో జేసన్ బెకర్ అనే గిటారు విద్వాంసుడికి ఇరవై యేళ్ళకే నరాల జబ్బు వచ్చి ఒళ్ళంతా చచ్చుబడింది. తండ్రి కనిపెట్టిన సైగలతో, కళ్ళు కదిపి స్వరాలు చెపుతాడు. అవి కంప్యూటరులోకి ఎక్కుతాయి. 2018లో కూడా ఆల్బం విడుదల చేశాడు.

అయితే యీ ప్రోగ్రాములు పాశ్చాత్యుల అయిదు గీతల కోసం పుట్టినవి. మన తోడిలో గాంధారం ఎలా వూగాలో వాటికి తెలియదు. పచ్చడి కొలతలు కాగితం మీద రాసినంత మాత్రాన రుచి రాదు, చెయ్యి తిరగాలి. సుబ్బరామ దీక్షితులుగారు గమకానికి గుర్తులు పెట్టినట్టు, మన సరిగమలకు తగిన ప్రోగ్రాముల కోసం మనవాళ్ళూ పూనుకోవాలి. ఆ పని చేసేటప్పుడు చూపు లేనివారినీ, చెయ్యి కదలనివారినీ పక్కన కూచోబెట్టుకుని, ఎలా వుండాలో వాళ్ళనే అడగాలి.

"ఫోనులో రికార్డు చేస్తే సరిపోదా?" అంటారేమో. సరిపోతుంది, గొంతు దాచుకోవడానికి. కాని తన పాటను తాను దిద్దుకోవడానికీ, ఇంకొకరికి నేర్పడానికీ, వయొలిన్‌వారికి ఇదీ, మృదంగంవారికి ఇదీ అని పంచడానికీ రాత కావాలి. ఆ రాత తన చేతిలో వుంటే, "కాస్త రాసిపెడుదూ" అని ఎవరి తీరికకూ కాచుకోనక్కరలేదు. మా పిన్ని పడ్డ బాధ వేళ్ళనొప్పి ఒక్కటే కాదు, అలా కాచుకోవలసి రావడం కూడా.

మీ యింట్లోనో, పక్కవాటాలోనో అలాంటి అమ్మమ్మో, పెద్దమ్మో, చక్రాల కుర్చీలో కూచున్న పిల్లో వుంటే, మీ అబ్బాయినో అమ్మాయినో పిలిచి ఆ ప్రోగ్రాము ఎలా వాడాలో నేర్పించండి. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈలోగా ట్రంకుపెట్టెలోంచి ఆ పాత నోటుపుస్తకం తీయండి. వెనక ఖాళీ పేజీలు వుండే వుంటాయి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఒక అరగంట పక్కన కూచుని రాసిపెట్టండి. రేపు అనకండి, నేను అనేదాన్ని.

సెలవు.