పచ్చిగా ఉండగానే

నూజివీడు దాటాక, మామిడి తోటల మధ్య కోత మిల్లు. ఇంకా ఏడు కాలేదు, అప్పుడే రంపం కీచుమంటోంది. కాపు తగ్గిన ముసలి చెట్లను కొట్టించి రైతులు దుంగలు ఇక్కడికి తోలుతున్నారు. రంపం పడిన ప్రతిసారీ తడి పొట్టు ఎగిరొచ్చి మీ ముంజేతికి అంటుకుంటుంది, దులిపినా రాలదు. ఇప్పుడే దిగిన చెక్క మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉంటుంది. గోటితో గట్టిగా నొక్కితే అక్కడ తేమ తేలుతుంది.

మామిడి చెక్కను నమ్మలేమని ఏ వడ్రంగిని అడిగినా చెబుతాడు. కోసి ఊరికే వదిలేస్తే రోజుల్లోనే నీలి చారలు పడతాయి, ఆ తర్వాత పుచ్చు. వెనక షెడ్డులో మేస్త్రి కూర్చున్న స్టూలు కాళ్ళ మీద గుండుసూది తలంత బెజ్జాలు, కింద నేల మీద మెత్తటి పొడి. ఆయన లేచి స్టూలును ఒకసారి తట్టాడు, ఇంకాస్త రాలింది. బెజ్జం చూశాక మందు కోసం పరిగెత్తే వాళ్ళంటే ఆయనకు చిరాకు. పురుగు తినడం ముగించి, రెక్కలొచ్చి, బయటికి పోయిన దారి అది. తల్లి పురుగు గుడ్లు పెట్టింది చెక్కలోని సన్నటి రంధ్రాల్లో. పిల్ల పురుగులు నెలల తరబడి లోపలే ఉండి, చెక్కలోని పిండిపదార్థం తిని పెరుగుతాయి. అన్నాళ్ళూ పైకి ఏమీ తెలియదు.

షెడ్డు బయట, చెక్కపేళ్ళ మంట మీద పొడవాటి ఇనప తొట్టి. అందులో 100 లీటర్ల నీళ్ళు. మేస్త్రి అన్న కొడుకు ముక్కుకు గుడ్డ కట్టుకుని, 30 కిలోల వెలిగారం కొంచెం కొంచెంగా పోస్తున్నాడు. కంసాలి కుంపటి దగ్గర ఉంటుందే, అదే. ఆ వెనకే 20 కిలోల బోరిక్ యాసిడ్, క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి. విడివిడిగా అయితే చన్నీళ్ళలో లీటరుకు 50 గ్రాములు కరగడమే కష్టం. రెండూ కలిపి వేడి చేస్తే ఇంత చిక్కటి ద్రావణం వస్తుంది. తెడ్డు అడుగున గరగరలాడటం ఆగేదాకా కలిపాడు. చల్లారనిస్తే మళ్ళీ గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది కాబట్టి మంట ఆరనివ్వరు. తొట్టి అంచున చిందిన చోట అప్పుడే తెల్లటి పలుకులు కట్టాయి.

వాసన లేదు, రంగు లేదు. అందుకే నిర్లక్ష్యం చేస్తారు. మిగతా పురుగుమందులతో పోలిస్తే మనిషికి ప్రమాదం తక్కువే గానీ, కడుపులోకి పోకూడదు. రబ్బరు గ్లవుజులు లేకుండా ఈ తొట్టి దగ్గరికి ఎవరినీ రానివ్వరు. పురుగు సంగతి వేరు. చెక్కతో పాటు ఈ మందులోని బోరాన్ కూడా దాని పొట్టలోకి చేరి, తిన్నది ఒంటబట్టనివ్వదు. కొయ్యను కుళ్ళబెట్టే బూజు జాతులకూ అదే గతి.

చెక్కలు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. తిప్పుతారు, కాసేపు ఉంచుతారు, తీస్తారు. ఇక్కడే కొత్తవాళ్ళు తికమకపడతారు. చెక్క కోస్తే మధ్యలో బద్దలు పెట్టి, గాలి ఆడేలా ఆరబెట్టాలని కదా మనం విన్నది. వీళ్ళు ముంచిన చెక్కల్ని సందు లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి కిందిదాకా టార్పాలిన్ చుట్టి, తాడుతో బిగిస్తున్నారు. ఆరకూడదు. మందు ఇప్పుడు పైపైనే ఉంది, లోపలికి తీసుకెళ్ళేది చెక్కలోని తడే. ఎండిన చెక్కను ఇలా ముంచి తీస్తే పై పొరకే పడుతుంది. అంగుళం మందానికి నాలుగు వారాలు, రెండంగుళాలకు కనీసం రెండు నెలలు. న్యూజిలాండ్ వాళ్ళు 1950ల నుంచే పైన్ చెక్కకు ఇలా చేసేవారు.

పక్కన కిందటి నెల కట్టిన దొంతర విప్పుతున్నారు. టార్పాలిన్ ఎత్తగానే ముక్కిపోయిన వాసన ముఖానికి కొడుతుంది. పైన అక్కడక్కడా బూజు. పైపై బూజును ఈ మందు పెద్దగా ఆపదు, తుడిచేస్తే సరి. లోపల ఏమైందన్నదే చూడాలి. ఒక చెక్కను చివర కాకుండా నడిమికి కోశారు. కొసల నుంచి మందు ఎటూ బాగానే ఎక్కుతుంది, అక్కడ చూస్తే మనల్ని మనం మోసం చేసుకోవడమే. కోసిన ముఖం కాస్త ఆరాక కుర్రాడు స్ప్రే సీసా తీశాడు. స్పిరిట్లో నానబెట్టి వడగట్టిన పసుపు. చెక్క పచ్చబడింది. రెండో సీసాలో స్పిరిట్, హైడ్రోక్లోరిక్ యాసిడ్, సాలిసిలిక్ యాసిడ్ కలిపిన ద్రావణం. అదీ కొట్టి పక్కకు జరిగాడు.

వంగి చూడండి. అంచుల నుంచి ఎరుపు మొదలైంది, నిమిషాల్లో ముదిరింది. బోరాన్ చేరిన మేరంతా ఎరుపే. నట్టనడుమ మాత్రం చిటికెన వేలంత వెడల్పున పసుపు గీత అలాగే ఉండిపోయింది.

"బాబాయ్, దీనికింకా నడిమికి దిగలేదు."

"తేమ పోలేదుగా? కట్టెయ్యరా మళ్ళీ. ఇంకో రెండు వారాలు చూద్దాం."

పూర్తిగా ఎర్రబడినవి నీడకు వెళ్ళాయి. వాటి మధ్య ఇప్పుడు బద్దలు పెడుతున్నారు, ఆరడానికి.

ఇంతలో బండి మీద ఒకాయన వచ్చాడు. కాంపౌండు గేటుకు ఈ చెక్క ఇస్తారా అని అడిగాడు. మేస్త్రి అడ్డంగా తలూపాడు. బేరం పోతుందన్న బెంగ ఆయన ముఖంలో లేదు.

"వానలో తడిసే వాటికి పనికిరాదండీ. తడితో ఎక్కిన మందు తడితోనే దిగిపోద్ది. మట్టిలో పాతే గుంజలకైతే అసలే వద్దు. మంచాలకీ, బీరువాలకీ, లోపలి తలుపులకీ అయితే చెప్పండి, ఇస్తాను."

ఆయన కాసేపు ఆలోచించి, మంచానికి ఎంతవుతుందని అడిగాడు.