సెక్స్, ఎట్సెట్రా

'సెక్స్, ఎట్సెట్రా' అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 1994లో మొదలైన లైంగిక ఆరోగ్య పత్రిక. హైస్కూలు విద్యార్థులే తమ ఈడు వారి కోసం రాయడం దీని ప్రత్యేకత. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన 'ఆన్సర్' అనే సంస్థ దీని ప్రచురణకర్త. 1999లో వెబ్‌సైటు కూడా తోడవడంతో పాఠకవర్గం రాష్ట్రం ఎల్లలు దాటింది.

నేపథ్యం

ప్రభుత్వ బడుల్లో లైంగిక విద్యతో కూడిన కుటుంబ జీవన విద్య తప్పనిసరి అని ముందుగా నిర్ణయించిన రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. అక్కడ ఆ నిర్ణయం 1980లో వెలువడింది. మరుసటి ఏడు ఈ విద్యకు అండగా ఏర్పడిన సంఘమే కాలక్రమంలో ఆన్సర్‌గా పేరు మార్చుకుంది. లైంగిక విద్య బోధించే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం ఈ సంస్థ చేపట్టిన మరో ముఖ్యమైన పని.

లైంగిక విద్యకు అమెరికా అంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక లేదు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో రాష్ట్రాలూ స్థానిక విద్యామండళ్ళూ నిర్ణయిస్తాయి. 1996 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం, పెళ్ళయ్యేదాకా లైంగిక సంబంధాలకు దూరంగా ఉండాలని బోధించే కార్యక్రమాలకు ఏటా 5 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ తరగతుల్లో గర్భనిరోధక సాధనాలను ప్రోత్సహించడానికి వీలుండేది కాదు. బడిలో దొరకని జవాబుల కోసం వెతికే పిల్లలకు ఇలాంటి పత్రిక అవసరం పెరిగింది.

పనితీరు

విద్యార్థులతో కూడిన సంపాదకవర్గం అంశాలను ఎంచుకుని, తోటివారి అనుభవాలు సేకరించి, నిపుణులను అడిగి వ్యాసాలు రాస్తుంది. వైద్య సమాచారంలో తప్పులు దొర్లకుండా చూసే బాధ్యత పెద్దలది. గొంతు పిల్లలది, సరిచూపు నిపుణులది అన్న ఈ పని విభజనే పత్రికకు పునాది. ఇందువల్ల భాషలో ఉపదేశ ధోరణి తగ్గుతుంది, సమాచారమూ అపోహలకు తావివ్వదు.

విషయాలు

యుక్తవయసులో శరీరంలో వచ్చే మార్పులు, గర్భనిరోధం, లైంగికంగా సంక్రమించే వ్యాధులు, సమ్మతి, స్నేహాలు, ప్రేమ బంధాల్లో హింస, లైంగిక అభిరుచుల్లోని వైవిధ్యం వంటి అంశాలు ఇందులో చోటుచేసుకుంటాయి. వెబ్‌సైటులో పదకోశమూ, రాష్ట్రాలవారీగా చట్టాల వివరాలూ చేరాయి. సమ్మతి వయసు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పొందగల వైద్యసేవలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉండటంతో ఆ వివరాలకు ప్రాధాన్యం ఏర్పడింది.

ప్రభావం

పెళ్ళిదాకా దూరంగా ఉండమనే ఆ సంయమన బోధనపై అమెరికా కాంగ్రెస్ ఆదేశంతో జరిగిన మూల్యాంకనం 2007లో వెలువడింది. పరిశీలించిన కార్యక్రమాల్లో పాల్గొన్నవారు, పాల్గొననివారి కంటే ఎక్కువ సంయమనం పాటించలేదని అది తేల్చింది. అమెరికాలో 15–19 ఏళ్ళ అమ్మాయిల్లో ప్రసవాల రేటు 1991లో ప్రతి వెయ్యికి 61.8 ఉండగా, 2021 నాటికి 13.9కి పడిపోయింది. గర్భనిరోధక సాధనాల వాడకం పెరగడం ఇందుకు ప్రధాన కారణాల్లో ఒకటి. ఇందులో ఏ ఒక్క పత్రిక వాటానూ విడదీసి చెప్పలేం. ఈడువారి ద్వారా సాగే బోధన అవగాహనను పెంచుతుందని, ప్రవర్తన మారాలంటే దానికి తోడు వైద్యసేవలూ బడిపాఠాలూ అందుబాటులో ఉండాలని ఈ రంగంలోని పరిశోధనలు సూచిస్తున్నాయి.